పస్తు మొక్కు

అచ్యుతయ్యగారు ప్రశ్న అడిగిన శిష్యుడికి వెంటనే జవాబు చెప్పేవారు కాదు, భోజనానికి పిలిచేవారు. నాగావళి ఒడ్డున ఆ చిన్న ఆశ్రమంలో తానే స్వయంగా వడ్డించేవారు. ప్రశ్న అడిగితే పప్పన్నం ఖాయమని మేం శిష్యులం చాటున నవ్వుకునేవాళ్లం.

మాలో ఒకడైన కూర్మారావు అడిగిన రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. అతని కూతురు నీలవేణికి ఎనిమిదేళ్లు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఉబ్బసం. ఆయాసం మొదలవగానే మందు పీల్పిస్తే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. కాని పిల్ల నోరు విప్పదు. పెదవులు నల్లబడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మందుంది, ఆళ్లమ్మ మొక్కుంది. మరి పిల్లెందుకు సెప్పదు గురువుగారూ? ఏ పూట పోతాదోనని బయమేస్తంది" అని తల వంచుకున్నాడు.

ఆ మొక్కు సంగతి మాకందరికీ తెలుసు. పిల్లకు ఆయాసం వచ్చిన రోజల్లా ఇక అన్నం ముట్టనని అతని భార్య వరహాలు అప్పన్న స్వామికి మొక్కుకుంది. ఊరంతా మెచ్చుకున్న మొక్కు అది. అమ్మలక్కలు ఇంటికొచ్చి, తల్లంటే నువ్వేనని ఆమెను పొగిడి, ఎంత చిక్కిపోయావో అని నిట్టూర్చి, వెళ్తూ వెళ్తూ పిల్ల వంక ఒక చూపు చూసి పోయేవారు. నాయనమ్మ చూపుతో ఊరుకునేది కాదు, నీ మూలాన మీ అమ్మ సగమైపోయిందని ముఖం మీదే అనేది. అందరూ మంచివాళ్లే.

గురువుగారు తల్లినీ తండ్రినీ పిల్లనూ మర్నాడు భోజనానికి రమ్మన్నారు.

పంక్తిలో తల్లికి ఎదురుగా కూర్చున్న నీలవేణి నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది. పప్పుచారు గిన్నె పట్టుకున్న నేను, కూర నచ్చలేదేమో అనుకున్నాను. మళ్లీ చూసేసరికి దాని భుజాలు ఎగసి పడుతున్నాయి, గొంతు కింద గుంట పడుతోంది. గౌను అంచు నోట్లో కుక్కుకుని, కళ్లు మాత్రం వాళ్లమ్మ విస్తరి మీదే పెట్టింది. పెదవులు అప్పుడే నల్లబడుతున్నాయి. గురువుగారు దాని పక్కన కూర్చుని, ఏమైంది తల్లీ అని మెల్లగా అడిగారు.

"అమ్మ తినీసినాక సెప్తాను తాతా" అంది ఆ పిల్ల, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ. "ఇప్పుడు సెప్తే తినదు."

వరహాలు చేతిలో ముద్ద జారిపోయింది. కూర్మారావు సంచీ వెతికి మందు తీశాడు. పిల్ల ఒకసారి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. చాలాసేపు ఏమీ మారలేదు, అయిపోయిందనే అనుకున్నాం. చివరికి నలుపు మెల్లగా పెదవులను వదిలింది. వరహాలు కూతుర్ని ఒళ్లోకి లాక్కుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే, అలవాటైన చెయ్యి కదా, సగం తిన్న విస్తరిని అవతలికి నెట్టేసింది.

నీలవేణి ఆ విస్తరి వంక చూసి, గౌను అంచు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

గురువుగారు మజ్జిగ చెంబు అందుకుని వరహాలు ముందుకు వచ్చారు.

"విస్తరి దగ్గరికి లాక్కో తల్లీ" అన్నారు. "పిల్ల చూస్తోంది."