ఒంటిమెతుకు కామేశం

గోదావరి ఒడ్డున ఒక పట్నంలో, పేగుల జబ్బుల మీద పరిశోధన చేసే చోట, కామేశం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. తెలివి దండిగా ఉన్నా, ఒకసారి చూసింది మళ్లీ చూడడమంటే అతనికి నామోషీ.

మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. చాలావరకు సాధువులే. వాటి మధ్యనే, అచ్చం వాటిలాగే కనిపిస్తూ, విషం కక్కేవి కొన్ని ఉంటాయి. రోగి విరేచనాన్ని కాస్త తీసి గాజు పళ్లెంలోని జిగురు మీద పూస్తే, మర్నాటికి ఆ సూక్ష్మజీవులు గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతాయి. ఒక్కో చుక్క ఒక్కో కుటుంబం. అందుకని అయిదు చుక్కలు తీసి, దేనికది విషం ఉందేమో పరీక్షించాలని అక్కడి పద్ధతి. కామేశం ఒక్కటే తీసేవాడు.

"అయిదు చూడాలి కదండీ!" అనేది పక్క బల్ల దగ్గర పనిచేసే సుభాషిణి.

"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా పిసుకుతామా అమ్మా? ఒక్క మెతుకు చాలదూ!" అని నవ్వేవాడు. ఆ మాట నలుగురికీ పాకి, అతనికి ఒంటిమెతుకు కామేశం అని పేరు పడిపోయింది. ఆ పేరు విని మురిసిపోయేవాడు కూడా. అందరికన్నా ముందు ఫలితం చెప్పేది తనే మరి! ఇన్నాళ్లూ ఆ మెతుకు అతన్ని మోసం చేయలేదు. చేసిందేమో, ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఒక వేసవిలో సైకిళ్ల కొట్టు అబ్బులు కూతురు, ఆరేళ్ల నూకరత్నానికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చారు. విషం ఉంటే పిల్లను అక్కడే ఉంచి, మూత్రపిండాలు దెబ్బతినకుండా కనిపెట్టుకుని ఉండాలి. లేకపోతే ఇంటికి పంపేయొచ్చు. తేల్చి చెప్పాల్సింది కామేశం. అబ్బులు పరిశోధనశాల గుమ్మంలోనే కాచుకుని కూర్చున్నాడు.

కామేశం పళ్లెం చూశాడు. నిండా చుక్కలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి తీసి పరీక్షించాడు.

"విషం లేదయ్యా. నిశ్చింతగా ఉండు," అన్నాడు బయటికొచ్చి.

అబ్బులు దణ్ణం పెట్టాడు. "మీ నోట్లో పంచదార పొయ్య బాబూ! పిల్ల దిబ్బరొట్టి కావాలని ఒకటే గోలండి. ఇంటికి తీసుకెళ్లి కాల్చి పెడతానండి."

నాలుగు రోజులకు పిల్ల మొహం ఉబ్బింది. మూత్రం ఆగిపోయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు గానీ, అప్పటికే మూత్రపిండాలు చెడిపోయాయి. నూకరత్నం దక్కలేదు.

కబురు తెలిసి కామేశం ఫ్రిజ్‌లోంచి ఆ పాత పళ్లెం తీశాడు. మిగిలిన చుక్కలు ఒక్కొక్కటే తీసి పరీక్షించాడు. రెండో చుక్క మంచిదే. మూడోదీ మంచిదే. నాలుగోదాంట్లో విషం ఉంది. సుభాషిణి తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

ఆ సాయంత్రమే అబ్బులు ఇంటికి వెళ్లాడు. అబ్బులు లేచి పీట వేశాడు. "మీరు భరోసా ఇచ్చారు గనక, దాని కోరిక తీర్చామండి. రొట్టి ముక్క తిని నవ్విందండి," అన్నాడు.

కామేశం కూర్చోలేకపోయాడు. "అబ్బులూ, తప్పు నాది. అయిదు చుక్కలు చూడాల్సింది, ఒక్కటే చూశాను. విషం ఆ పళ్లెంలోనే, వేరే చుక్కలో ఉంది."

"మిగతాయి కూడా చూడాలంటే చానా సేపు పడుద్దాండి?" అని అడిగాడు అబ్బులు.

"పట్టదు," అన్నాడు కామేశం. ఆపైన ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఆనాటి నుంచి ప్రతి పళ్లెంలోనూ అయిదు చుక్కలు చూసేవాడు. ఒంటిమెతుకు అని మళ్లీ ఎవరూ పిలవలేదు. అయినా చుక్కలు తీసే తీగ చేతికి తీసుకున్నప్పుడల్లా అబ్బులు అడిగిన మాటే అతని చెవిలో పడేది.

కుండలో అన్నానికి ఒక్క మెతుకు చూస్తే చాలు గానీ, ఒకరి ప్రాణం మన మాట మీద నిలిచి ఉన్నప్పుడు, చూడవలసినదంతా చూశాకే నోరు విప్పాలి.