గుర్రప్ప పేరు విన్న ఆలకమ్మ

బుక్కసానిపల్లెకు పడమట, వేరుశనగ చేలు దాటగానే కనిపించే ఎర్రమట్టి గుట్ట మీద శ్రీ ఆలకమ్మ తల్లి వెలసియున్నది. అమ్మవారు మోకాలెత్తు రాయి రూపంలో, కుడివైపుకు కొంచెం ఒరిగి ఉంటుంది. పక్కన కూర్చున్నవారి మాటకు చెవి ఒగ్గినట్టుంటుంది ఆ ఒరుగు. పట్టుచీరకు బదులు ఈ తల్లికి నల్ల కంబళి కప్పుతారు. ఆ పేరు, ఆ కంబళి ఎలా వచ్చాయో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఈ గుట్ట కింద కంబళ్ళు నేసే తిమ్మక్క తన తమ్ముడు గుర్రప్పతో ఉండేది. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోవడంతో తమ్ముణ్ణి ఆమే పెంచింది. గుర్రప్ప ఉన్ని కత్తిరిస్తుంటే ఒక్క గొర్రె బెదిరేది కాదు. ఎవరింట పిల్లలు ఏడ్చినా గొర్రెపిల్లలా అరిచి నవ్వించేవాడు. అటువంటివాడికి పెళ్ళీడు వచ్చేసరికి మనసుకు జబ్బు చేసింది. రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు. "అక్కా, లోపలంతా చీకటిగా ఉంది. ఎందుకో నాకే తెలీదు" అన్నాడొకసారి.

తిమ్మక్క చూపించని వైద్యుడు లేడు, మొక్కని దేవుడు లేడు. కొన్నాళ్ళు తేరుకుని మగ్గం దగ్గర కూర్చునేవాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ ముడుచుకుపోయేవాడు. ఏళ్ళపాటు అలా పెనుగులాడి, చివరికి ఒక వానాకాలంలో తన ప్రాణం తానే తీసుకున్నాడు.

అటువంటి చావు చచ్చినవాడి పేరెత్తితే ఊరికి కీడని ఊరిపెద్ద నాగిరెడ్డి కట్టడి చేశాడు. దినాలు జరపనివ్వలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు వానల గురించి మాట్లాడేవారు. ఆమె నోట తమ్ముడి మాట వస్తే లేచిపోయేవారు. ఆ రోజు తాను కాపలా ఉండి ఉంటే బతికేవాడేమోనని తిమ్మక్క తనను తానే తిట్టుకునేది. మెల్లగా మగ్గం మానేసింది, పొయ్యి వెలిగించడమూ మానేసింది.

ఒక మధ్యాహ్నం సొమ్మసిల్లి పడుకున్న ఆమెకు కలలో ఒక ముసలమ్మ కనిపించింది. గుర్రప్ప గొర్రెలను తోలుకొచ్చి ఆనుకుని కూర్చునే రాయి తానేనని చెప్పింది. వాడి మాటలు వినీ వినీ అలవాటైందనీ, ఇప్పుడు ఏమీ తోచడం లేదనీ, వచ్చి వాడి సంగతులు చెప్పమనీ అడిగింది. తప్పు తనదేనా అని తిమ్మక్క అడిగింది.

"కాదు బిడ్డా. జబ్బు వాణ్ణి తీసుకుపోయింది. వాణ్ణి ఇన్నేళ్ళు నిలబెట్టుకున్నది నువ్వే" అంది తల్లి.

మెలకువ రాగానే తిమ్మక్క గుట్ట ఎక్కింది. ముళ్ళపొదల నడుమ ఆ రాయి కనిపించింది. గుర్రప్ప సగం నేసి వదిలేసిన కంబళిని దానికి కప్పి, పక్కన కూర్చుని, తమ్ముడి పేరు గట్టిగా పలికింది. అన్నాళ్ళకు ఆమెకు ఏడుపు వచ్చింది. ఆనాటి నుంచి రోజూ వెళ్ళి అతడి కబుర్లు చెప్పేది.

సంగతి తెలిసి, ఆమెను ఆపడానికి నాగిరెడ్డి గుట్ట ఎక్కాడు. తిమ్మక్క లేవలేదు. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం తమ్ముడు వాగంతా గాలించి, తీరా అది ఇంట్లోనే పడుకుని ఉంటే ఎలా నవ్వాడో చెబుతూ ఉంది. పెద్దాయన అలాగే నిలబడి విన్నాడు. కాసేపటికి కర్ర పక్కన పెట్టి కింద కూర్చున్నాడు.

"మా అమ్మ కూడా అట్లే పోయిందమ్మా. నేనప్పుడు చిన్నోణ్ణి. మా ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు" అన్నాడు.

"ఏం పేరు నాయనా?" అని అడిగింది తిమ్మక్క.

రాయివైపు తిరిగి "ఓబుళమ్మ" అన్నాడు. ఆమె వేడి సజ్జరొట్టెలో బెల్లం పెట్టి చుట్టి చేతికిచ్చేదని చెబుతూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గుట్ట దిగగానే నాగిరెడ్డి కట్టడి ఎత్తేశాడు. ఊరందరి ఎదుట తిమ్మక్కను క్షమించమని అడిగి, గుర్రప్పకు తానే దగ్గరుండి కర్మలు జరిపించాడు. ఆపైన ఒక్కొక్కరే తమవాళ్ళ పేర్లు చెప్పుకోవడానికి గుట్టకు రాసాగారు. చెప్పినదంతా ఆలకించే తల్లి గనుక ఆలకమ్మ అన్నారు.

వచ్చినవారిలో హనుమక్క అనే పడుచు కోడలు ఒకతె. గుర్రప్పకు ఉన్నట్టే తనకూ లోపలంతా చీకటిగా ఉందని ఆమె నోరు విప్పి చెప్పింది. తిమ్మక్క ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. వైద్యం చేయించింది. ఊరి ఆడవాళ్ళు వంతులు వేసుకుని తోడున్నారు. నయం కావడానికి చాలా కాలం పట్టింది, మధ్యలో తిరగబెట్టింది కూడా. అయినా హనుమక్క బతికింది, పిల్లల్ని కన్నది, తల నెరిసేదాకా అమ్మవారికి తొలి పూజారిణిగా ఉంది. నేటి అర్చకులు ఆమె వంశంవారే.

ఏటా శ్రావణంలో చివరి ఆదివారం ఇక్కడ జాతర. పోయినవారి పేరు చెప్పి, వారి బతుకులోని ఒక సంగతి చెప్పుకోవడమే మొక్కు. చుట్టూ ఉన్నవారు "ఆలకించాం" అంటారు. ఆ రోజు సత్రం గదిలో మానసిక వైద్యులు ఉచితంగా చూస్తారు. దర్శనం కన్నా ముందు అక్కడికి వెళ్ళినా అమ్మవారికి అభ్యంతరం లేదని అర్చకులే చెబుతారు. గుండెలో బరువుతో వచ్చినవారు తేలికపడి వెళతారని, ఆపదలో ఉన్నవారికి తోడు దొరుకుతుందని భక్తుల నమ్మకం.

తీర్థం ఇచ్చాక అర్చకుడు ప్రతి భక్తుడితోనూ ఒకే మాట అంటాడు: "మళ్ళీ రండి. వారి సంగతులు ఇంకా చెబుదురుగాని."