నల్లమందు లేదని రాసిన చేయి

అనగనగా అంటే పిల్లలు ఊఁ కొడతారు. ఈ కథకి పెద్దలు కూడా ఊఁ కొట్టాలి మరి.

వెలిచేరు అనే రాజ్యంలో అచ్యుతయ్య అనే రాయసగాడు ఉండేవాడు. ముత్యాల్లాంటి దస్తూరి. ఒక్క అబద్ధం రాసి ఎరగడు. "అచ్యుతయ్య రాతా? అయితే నిజమే" అనేవారు జనం.

ఆ పేరు విని రుద్రప్ప అనే మందుల వర్తకుడు అతన్ని పనిలో పెట్టుకున్నాడు. తియ్యటి పాకం బుడ్డీల్లో పోసి, మెడకి తాటాకు చీటీ కట్టి అమ్మేవాడు.

మొదటి నెల "జ్వరం తగ్గును అని రాయవయ్యా" అన్నాడు. తగ్గుతుందేమోలే అనుకుని అచ్యుతయ్య రాశాడు.

రెండో నెల "పసిపిల్లలకు మేలు" అని రాయమన్నాడు. చేయి కాస్త ఆగింది. అయినా రాశాడు.

మూడో నెల "ఇందులో నల్లమందు లేదు" అని రాయమన్నాడు. అచ్యుతయ్య గంటం కింద పెట్టేశాడు. పాకంలో నల్లమందు కలపడం కళ్ళారా చూశాడు మరి!

"అబద్ధం కదండీ?"

"పాపమేదైనా ఉంటే నాది. నువ్వు రాయి" అన్నాడు రుద్రప్ప.

ఆ మాట పట్టుకుని రాసేశాడు, పెద్దమనిషి! సిగ్గుండక్కర్లేదూ?

వానాకాలం దాటకముందే ముగ్గురు తల్లులు ఖాళీ ఉయ్యాలలు మోసుకుని కోటకి వచ్చారు. మందు తాగిన బిడ్డలు నిద్రపోయి మళ్ళీ లేవలేదు. రాజు వర్తకుణ్ణీ, రాయసగాణ్ణీ పట్టి తెప్పించాడు.

"చీటీ చదివి నమ్మాం ప్రభూ" అన్నారు ఇద్దరు తల్లులు.

మూడో తల్లి తలెత్తింది. అచ్యుతయ్య కూతురు మంగతాయి!

"నేను చదవనే లేదు ప్రభూ. మా నాన్న రాత. చూస్తే చాలనుకున్నాను."

"మందులో నల్లమందు కలిపావా?" అని రాజు రుద్రప్పని అడిగాడు.

"నల్లమందా? రామ రామ!" అన్నాడు రుద్రప్ప. "లేదని చీటీలోనే ఉందిగా! కలపగా చూసిందెవరు?"

"నేను చూశాను ప్రభూ. చూసి కూడా రాశాను. ఈ చేయి నరికించండి" అని ఏడ్చాడు అచ్యుతయ్య.

రాజు రుద్రప్పకి సంకెళ్ళు వేయించాడు. ఇకమీదట మందులో ఏముందో చీటీలో ఉన్నదున్నట్టు రాయాలని, తప్పితే చెరసాలేనని చాటింపు వేయించాడు.

"నరికితే నీకు తేలికైపోతుంది అచ్యుతయ్యా. భటుణ్ణి వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళు. ప్రతి బుడ్డీ చీటీ మీదా నిజం రాసి, చదివి వినిపించి, అప్పుడు పగలగొట్టు" అన్నాడు.

అతను ఊరూరా తిరిగాడు. చివరికి మంగతాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె సగం మిగిలిన బుడ్డీ తెచ్చి కింద పెట్టింది. అతను రాసి, చదివాడు.

"ఇందులో నల్లమందు ఉంది, తల్లీ."

మంగతాయి తండ్రి వైపు చూడలేదు. చీటీ తీసి, ఆ రాత వైపు కూడా చూడకుండా భటుడి చేతికిచ్చింది.

"నిజంగా అలాగే రాసుందా అన్నా? కాస్త మీరు చదివి చెప్పండి" అంది.

పిల్లలూ, నమ్మకం సంపాదించుకున్న చేయి అబద్ధం రాస్తే, ఆ చేతిని అందరికంటే ఎక్కువ నమ్మినవాళ్ళే ముందుగా బలైపోతారు.