డుబ్బలాయి

వరణగిరి రాజు దుర్జయవర్మ పల్లకీ దిగి నాలుగడుగులు వేశాడో లేదో, బోయీ పోలయ్య మెడ రుద్దుకుంటూ పక్కవాడితో, "మన దొర ఉత్త డుబ్బలాయి రా" అన్నాడు. ఆ మాట కాస్తా రాజు చెవిన పడింది.

ఇంకేముంది, ఆ పూట రాచకార్యాలన్నీ అటకెక్కాయి. డుబ్బలాయి అంటే ఏమిటో, ఎక్కణ్ణించి ఊడిపడిందో తేలాలన్నాడు రాజు. పొగడ్తయితే పోలయ్యకు బంగారు కడియం, తిట్టయితే నాలుక కోత. పోలయ్యను అడిగితే భయంతో పల్లకీ వెనక నక్కాడు.

ఆస్థాన పండితుడు ఘంటావధాని గొంతు సవరించుకున్నాడు. తనకు తెలియని మాట ఒకటుందంటే ఆయనకు అన్నం సయించదు. "డు" అంటే దుర్మార్గుడట, "బ్బ" అంటే బుర్రలేనివాడట, "లా" అంటే లావుపాటివాడట, "యి" ఉత్తినే అందానికట. రాజు ముఖం జేవురించింది.

విదూషకుడు కొండుభొట్లుకు ఒళ్లు మండింది. ఈ అవధాని డాబుకి పాపం ఒకడి నాలుక తెగిపోయేలా ఉంది.

"ప్రభూ, మాట పుట్టింది పల్లకీ కింద. కొలువులో వెతికితే దొరుకుతుందా? అవధానిగారు పల్లకీలో కూర్చుని ఆలోచిస్తారు. పోలయ్య చోట తమరు భుజం పట్టండి" అన్నాడు.

రాజుకు కొత్త సరదా ఏదైనా చాలు. కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టి, తలపాగా చుట్టి పల్లకీ ఎత్తాడు. మంత్రి కిరీటంతో వెనకాలే పరుగు.

అవధాని ఆ మధ్యాహ్నం బూరెలు దండిగా లాగించాడు. కోట మలుపు తిరగకముందే గుర్రు మొదలైంది. నిద్రలో సరిగ్గా రాజున్న వైపే ఒరిగాడు. బరువంతా ఒక్క భుజం మీద పడి రాజుకు మెడ వంకరపోయింది, చెమట కళ్లలోకి కారింది.

"ఓరి డుబ్బలాయీ, మధ్యకి జరిగి చావు!" అని అరిచాడు.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పల్లకీలో కునుకుతూ ఒక పక్కకి ఒరిగి, ఒకే బోయీ భుజం విరగ్గొట్టేవాడికి బోయీలు పెట్టుకున్న పేరది. ఎవరూ చెప్పకుండానే రాజుకు తెలిసిపోయింది. తను రోజూ ఎవరి వైపు ఒరుగుతాడో కూడా తెలిసింది.

కొండుభొట్లు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కోయాల్సిన నాలుకలు ఇప్పుడు రెండయ్యాయి. ఏది ముందు?"

రాజు పల్లకీ దింపి, మెడ పట్టుకుని పడీపడీ నవ్వాడు. చేతి కడియాలు రెండూ ఊడదీసి పోలయ్యకొకటి, కొండుభొట్లుకొకటి తొడిగాడు. ఘంటావధాని మాత్రం గుర్రు ఆపలేదు.