పంకా అప్పలకొండ చెప్పిన పొడుగాటి మాట

ఒకానొక సంస్థానం, పేరు మొగలిపాడు. దాని రాజు కుమార భూపతిగారికి ఒక్కటే పిచ్చి, ఇంగ్లీషు మాటలు. అవీ మామూలువి కాదు, పలికేలోపు ఊపిరి ఆగిపోయేంత పొడుగాటివి.

రోజూ దర్బారులో ఒక వెండి గిన్నె పెట్టేవాళ్ళు. అందులో ఇరవయ్యారు దంతపు బిళ్ళలు, బిళ్ళకో ఇంగ్లీషు అక్షరం. రాజుగారు కళ్ళు మూసుకుని మూడు తీస్తారు. ఆ మూడూ ఉన్న మాట చెప్పాలి. ఎవరి మాట పొడుగైతే వాళ్ళదే గెలుపు.

ఓసారి సీ, పీ, హెచ్ వచ్చాయి. దివానుగారు చెమట తుడుచుకుని "చాప్" అన్నాడు. రాజుగారు మీసం మెలేసి "ఇన్‌కాంప్రిహెన్సిబిలిటీ!" అన్నారు. సభంతా చప్పట్లు. రోజూ ఇదే తంతు.

ఎవరికైనా అనుమానం వస్తే ఒక రూలుంది. దర్బారు ముగిసేలోపు నిఘంటువు విప్పి, ఆ మాట లేదని చూపించాలి. చూపించలేకపోతే మాట నిలిచినట్టే. కాకపోతే ఆ నిఘంటువుని రాజుగారు తప్ప ఎవరూ తాకకూడదు. ఇంకేం, నాలుగేళ్ళలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

ఈ తమాషా అంతా మూలన కూర్చుని, కప్పుకి వేలాడే గుడ్డ పంకా తాడు లాగుతూ చూసేవాడు పంకా అప్పలకొండ. వాడికి చదువు రాదు. వాడి తమ్ముడు రంగూన్‌లో కూలి. తమ్ముడి ఉత్తరం వస్తే సోమయాజి పంతులుగారి బడి అరుగు మీదకెళ్ళి కూర్చుంటాడు. పిల్లలు ఏబీసీడీలు వల్లించడం అయ్యాక పంతులుగారు వచ్చి మెల్లగా చదివి పెడతారు. ఊళ్ళో ఇలాంటివాళ్ళకి ఉత్తరాలు చదివి పెట్టేవాడు ఇంకొకడున్నాడు, దివానుగారి గుమాస్తా. వాడికిస్తే ఇంటి గుట్టు సాయంత్రానికి సంతలో ఉంటుంది.

ఆఖరి ఉత్తరంలో తమ్ముడు రాశాడు: "ఒంట్లో బాగోలేదన్నా. వచ్చేస్తన్నాను. ఏ ఓడకొస్తానో వచ్చే ఉత్తరంలో రాస్తాను." అప్పటినుంచి అప్పలకొండ ప్రాణమంతా ఆ రాబోయే ఉత్తరం మీదే.

సరిగ్గా అప్పుడే దర్బారుకొచ్చిన పంతులుగారు నోరు జారారు. ఆ రోజు క్యూ, ఎక్స్, జెడ్ వచ్చాయి. రాజుగారు కాసేపు కప్పుకేసి చూసి, "క్విజాక్సిఫికేషనాలిటీ!" అనేశారు.

"అలాంటి మాట లేదు ప్రభూ," అన్నారు పంతులుగారు.

రాజుగారు ముందుకి వంగారు.

"లేదా? అయితే పుస్తకంలో చూపించు."

"పుస్తకం తమ దగ్గరే ఉంది కదా ప్రభూ."

"నువ్వు తాకకూడదు. నేను తీయను. అంటే ఓడిపోయావు! విజయదశమి దాటాక ఈ ఊళ్ళో కనిపించావో... ఆ, ఈలోగా ఎవరైనా సరే, పంకా లాగేవాడైనా సరే, నాకంటే పొడుగు మాట చెప్తే నీ శిక్ష రద్దు."

అందరూ నవ్వారు. అప్పలకొండ నవ్వలేదు.

వారం గడిచింది. రోజుకో పండితుడు వచ్చి ఓడిపోయి వెళ్ళాడు. పంతులుగారు పెట్టె సర్దుకున్నారు. మహర్నవమి వచ్చింది. దశమి నాడు ఆట ఉండదు, అదే ఆఖరి అవకాశం.

ఆ రోజు బిళ్ళలు బీ, కే, డబ్ల్యూ. రాజుగారు ఆవలిస్తూనే "బ్యాక్‌వుడ్స్‌మన్" అన్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?"

పంకా ఆగిపోయింది. రాజుగారికి చెమట పట్టింది.

"ఏరా అప్పలకొండా, నిద్రపోయావా?"

"నేదు బాబయ్యా. నా కాడో మాటుంది. సెప్పమంటారా?"

"నీ దగ్గరా! ఇంగ్లీషు మాటేనా? చెప్పరా, చెప్పు!"

అప్పలకొండ తాడు మేకుకి చుట్టి, చేతులు కట్టుకుని, అరుగు మీద విన్నదంతా ఆగకుండా ఒక్క గుక్కలో లాగించేశాడు. "ఏబీసీడీఈఎఫ్‌జీహెచ్ఐజేకేఎల్ఎమ్ఎన్ఓపీక్యూఆర్ఎస్‌టీయూవీడబ్ల్యూఎక్స్‌వైజెడ్!"

అప్పలకొండ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇరవయ్యారు అచ్చరాలు బాబయ్యా. తవరు ఏ బిళ్ళ తీసినా ఇందులో ఉంటాది."

"ఓరి వెధవా! అది మాట కాదురా!"

"అలాగా? మరైతే పుస్తకంలో నేదని సూపించండి."

రాజుగారు చెయ్యి చాచారు. చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నిఘంటువు పీట మీద ఉంది. నిండా పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. సరస్వతీ పూజలో పెట్టిన పుస్తకం, దశమి పొద్దున మళ్ళీ పూజ అయ్యేదాకా విప్పకూడదు.

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "మహాపచారం ప్రభూ! నిరుడు ఇదే రోజు పొరపాటున పంచాంగం విప్పానని తమరే కదా నాచేత నూటొక్క గుంజీలు తీయించారు. మోకాళ్ళు ఇంకా పట్టేస్తున్నాయి."

దర్బారు ముగిసిందని నగారా మోగింది. రూలు ప్రకారం అప్పలకొండ మాట నిలిచింది.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "రేపు పూజ కాగానే పుస్తకం విప్పుతా. నీ మాట అందులో లేకపోతే పంతులుతో పాటు నువ్వూ మూట సర్దుకో!"

"సిత్తం," అని అప్పలకొండ తాడు అందుకున్నాడు.

తెల్లారింది. పూజ అయింది. ఊరు ఊరంతా దర్బారులోనే ఉంది. పంతులుగారు పెట్టె పక్కనే పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. రాజుగారు బంతిపూలు పక్కకి నెట్టి నిఘంటువు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏదిరా నీ మాట? ఏ పేజీలో ఉంది?"

"నాకు సదువు రాదు కదా బాబయ్యా. కానీ సులువుగా దొరికీ దారుంది."

"ఏంటది?"

"మొన్న తవరో మాట సెప్పినారు కదా, క్విజాక్సి... ఏదో. ముందు దాన్ని తియ్యండి. నాది దాని పక్కనే ఉంటాది."

రాజుగారి వేలు అట్ట మీదే ఆగిపోయింది. పంతులుగారు దగ్గు వచ్చినట్టు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు. రాజుగారు పుస్తకాన్ని చూశారు, పంతులుగారి పెట్టెని చూశారు, అప్పలకొండని చూశారు. ముందు మీసాలు అదిరాయి, తర్వాత భుజాలు అదిరాయి, తర్వాత సింహాసనమే కిర్రుమనేంత నవ్వారు.

"పురోహితుడా! ఈ పుస్తకం ఇంకా పూజలోనే ఉండనీవయ్యా," అని నిఘంటువుని తిరిగి పీట మీద పెట్టి, తన చేత్తోనే బంతిపూలు సర్దారు. "పంతులూ, పెట్టె విప్పుకో. ఒరేయ్ అప్పలకొండా, ఇలా రా."

భుజం మీది జరీ శాలువా తీసి వాడికి కప్పారు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఓ గంట సెలవిప్పించండి బాబయ్యా," అంటూ అప్పలకొండ మొలలోంచి ఒక ఉత్తరం తీశాడు. "పొద్దున్నే వచ్చింది. పంతులుగారి చేత సదివించుకోవాల."