నక్క తెచ్చిన ఈస్ట్ పొట్లం

కొండవాలులో ఎద్దు వేసుకున్న వరిమడి నెర్రెలిచ్చింది. వాగునుంచి కాలువ తవ్వితే తప్ప పైరు బతకదు. ఆ అడవిలో తవ్వకానికి వచ్చినవాళ్లకు కూలి ఇవ్వరు, బాగా పొంగిన రాగి బీరు పోస్తారు. బీరు లేదంటే అడవిపందులు మూతి కూడా కదపవు. ఎనిమిదో రోజున వస్తామని అవి మాటిచ్చాయి.

ఎద్దు మొలకెత్తిన రాగులు దంచి తీపి తేట కాచింది. అది పులియాలంటే ఎండు ఈస్ట్ కావాలి. అది నక్క దగ్గరే ఉంది.

"నేనిస్తా మామా. నన్ను మాత్రం తవ్వకానికి పిలవకు," అంటూ నక్క పొట్లం తెచ్చింది.

పక్కనే ఉన్న ముసలి బర్రె పొట్లం విప్పి చూసింది. "ఇదేమిట్రా, గడ్డలు కట్టింది? ఎన్నాళ్లనాటిది?"

"బలమైన సరుకు అత్తా, అలాగే ఉంటుంది. మామా, కుండ దించీ దించగానే పోసెయ్. వేడికి బాగా లేస్తుంది."

ఇలాంటి నక్కలంటే నాకు ఒళ్లు మంట. చెడిపోయింది అంటగట్టడమే కాదు, రేపు తప్పు ఎదుటివాడి నెత్తిన రుద్దడానికి ఇవాళే దారి వేసుకుంటాయి.

నక్క అటు వెళ్లగానే బర్రె సగం పొడి తీసి ఆకుదొన్నెలో దాచింది. "చల్లారనీ తమ్ముడూ," అని మొత్తుకుంది.

"ఇచ్చినవాడికి తెలియదా అక్కా?" అంటూ ఎద్దు మిగతా పొడిని పొగలు కక్కే తేటలో పోసేసింది.

రెండు రోజులు గడిచాయి. కుండలో ఒక్క బుడగ లేదు. కబురందుకుని నక్క వచ్చింది.

"సలసల కాగేదాంట్లో పోశావా? నిక్షేపంలాంటి ఈస్ట్‌ని చంపేశావు కదా మామా!"

ఎద్దు కళ్లలో నీళ్లు తిరిగాయి. బర్రె మాత్రం బుసలు కొడుతూ బెల్లం కలిపిన నీళ్ల ముంత తెచ్చింది.

"వేలు పెట్టి చూడరా. ఈ వేడి సరేనా?"

"గోరువెచ్చగా ఉంది. సరిగ్గా సరిపోయింది అత్తా."

"నీ నోటితోనే అన్నావు. ఇది నీ పొట్లంలో సగం. చూస్తూ కూర్చో!"

గడ్డల పొడి ముంతలో పడి అడుక్కి దిగింది. ఎంతసేపు చూసినా నురగ రాలేదు. నక్క మెల్లగా లేవబోయింది.

"కూర్చోమన్నానా!" బర్రె కొమ్ము అడ్డం పెట్టింది. "మీ ఇంట్లో కుండ ఏడాది పొడుగునా పొంగుతూనే ఉంటుంది. దాంట్లో నువ్వు వేసుకునేది తీసుకురా. రాకపోతే ఈ కొమ్ము నీ ఇంటికి వస్తుంది!"

నక్క తెచ్చిన రెండో పొడిని వేరే ముంతలో వేస్తే, కాసేపటికే నురగ అంచుదాకా ఎక్కింది. ఎద్దు తేటను మళ్లీ మరిగించింది. ఈసారి వేలు కాలనంతగా చల్లార్చి, అప్పుడు ఈస్ట్ కలిపింది. తెల్లారేసరికి కుండ బుసబుసా పొంగింది.

ఎనిమిదో రోజున కాలువ తవ్వారు. పందులకంటే ముందు మట్టిలో దిగింది నక్కే, వెనకాల బర్రె కొమ్ము ఉంది మరి. సాయంత్రం మడికి నీళ్లెక్కాయి. అందరికీ బీరు పోశారు. నక్క కూడా నాలుక చాపుకుంటూ వచ్చి వరసలో నిలబడింది.

బర్రె దాని ముందు మొదటి ముంత పెట్టింది. చచ్చిన పొడి, పాచి పట్టిన బెల్లం నీళ్లు.

"నువ్వు మొదట ఇచ్చిన ఈస్ట్‌తో అయిన బీరు ఇదేరా. తాగు!"

ఈస్ట్ ఇచ్చినవాడి మాట విని కాదు, గోరువెచ్చని బెల్లం నీళ్లలో దాని నురగ చూశాకే కుండలో పొయ్యండి.