రాణి కువలయ కంటినిండా నిద్ర

వెనకటికెప్పుడో, కొండల నడుమ చేటంత రాజ్యం ఒకటి ఉండేదట. జయకేతుడనే రాజు దాన్ని ఏలేవాడు. ఆయన రాణి కువలయ నవ్విందంటే చాలు, అంతఃపురమంతా కళకళలాడేది.

వాళ్లకు లేక లేక ఒక కొడుకు పుట్టాడు. నెల తిరక్కుండానే పసివాడికి జ్వరం తగిలింది. చేతికందినట్టే అంది చేజారబోయాడు. ఎలాగో గండం గడిచింది. బాబు కోలుకున్నాడు గానీ తల్లి గుండెలో భయం పోలేదు.

ఆ రోజు నుంచీ ఆమె ఉయ్యాల వదిలితే ఒట్టు. దాదులను దగ్గరికి రానివ్వదు. రెప్పలు వాలుతుంటే చన్నీళ్లు చల్లుకుంటుంది. బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంటుంది.

అలా అలా రాణి మొహం వాడిపోయింది. కళ్ల కింద నల్లని చారలు పడ్డాయి. బుగ్గలు పీక్కుపోయి, చర్మం గరుకెక్కింది. ఇంతలో బాబు అన్నప్రాశన దగ్గరపడింది. ఊరు ఊరంతా వస్తుంది. కువలయ అద్దంలో చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఈ మొహంతో నలుగురిలోకి ఎలా వెళ్లను?" అనుకుని వర్తకులను పిలిపించింది.

మొదటి వర్తకుడు నలుగుపిండి ఇచ్చాడు. "పట్టించండి మహారాణీ, పసిమి తేలుతుంది" అన్నాడు. మొహానికి పట్టించి ఉయ్యాలలోకి వంగిందో లేదో, బాబు బూచిని చూసినట్టు కెవ్వుమన్నాడు.

రెండోవాడు కస్తూరి లేపనం తెచ్చాడు. ఆ ఘాటుకు బాబు తుమ్మి తుమ్మి, తాగిన పాలన్నీ కక్కేశాడు.

మూడోవాడు ముత్యాల పొడి అద్దించాడు. చారలు మాయమయ్యాయి! సంబరంగా కొడుకును ముద్దాడింది. పొడంతా వాడి బుగ్గకంటింది, చారలు మళ్లీ బయటపడ్డాయి.

ఇక ఆమెకు ఓపిక లేకపోయింది. "అత్తయ్యా, అన్నప్రాశన పీటమీద బాబును మీరే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. నేను తెర వెనక ఉంటాను" అంది రాజమాతతో.

రాజమాత కొంగు తడిపి కోడలి మొహం మెల్లగా తుడిచింది. "తల్లీ, నువ్వు కంటినిండా పడుకుని ఎన్నాళ్లయింది?"

"పడుకుంటే ఎలా అత్తయ్యా? నేను కళ్లు మూసుకున్నాక వాడి ఊపిరి ఆగితే?"

ఆ మాట ఆమె అంతవరకూ ఎవరితోనూ అనలేదు. గుమ్మంలో నిలబడ్డ రాజు విన్నాడు. లోపలికి వచ్చి, కిరీటం తీసి పక్కన పెట్టి, ఉయ్యాల దగ్గర చతికిలబడ్డాడు.

"కువలయా, నాదీ అదే భయం. సభలో కూర్చున్నా చెవి ఇటే ఉంటుంది. నేనూ అమ్మా వంతులు వేసుకుని చూసుకుంటాం. నువ్వు పడుకో."

నమ్మకం లేకుండానే నడుం వాల్చింది. ఉయ్యాల తాడు పట్టుకునే ఉంది. కాసేపటికి ఆ చెయ్యి జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. "బాబూ!" అంటూ లేచింది.

రాజు బాబును భుజాన వేసుకుని పచార్లు చేస్తున్నాడు. వెనకాలే మంత్రిగారు, ఏదో పొలం తగవు గుసగుసగా విన్నవించుకుంటూ నడుస్తున్నారు. బాబు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. కువలయ ఏడుస్తూనే నవ్వేసింది.

ఆనాటి నుంచి ఆమె కూడా అందరిలా పడుకోసాగింది. క్రమక్రమంగా చారలు తగ్గాయి, బుగ్గలు నిండాయి, చర్మం నునుపు తేలింది. అన్నప్రాశన నాడు ఏ పూతా లేని మొహంతో పీటమీద కూర్చుంది. బాబు కిలకిలా నవ్వి, పాయసం చేతితో అమ్మ బుగ్గలు నిమిరాడు.

వర్తకులు నోరెళ్లబెట్టారు. "ఏ లేపనం వాడారు మహారాణీ?"

"లేపనమేముంది నాయనా! మావారు ఉయ్యాల ఊపారు, మా అత్తయ్య జోలపాడారు, నేను నిద్రపోయాను."

పిల్లలూ, మొహానికి కళ తెచ్చేది కంటినిండా నిద్ర. ఆ నిద్ర పట్టాలంటే మనసులోని భయాన్ని మనవాళ్లతో చెప్పుకోవాలి.